ముద్దయీ, ముద్దాయి

తెలుగు కోర్టుల్లో వినపడే మాటల్లో చాలా వరకు మా ఇంటి మాటలే. వకీలు, దావా, ఫిర్యాదు, జామీను, హాజరు, జప్తు, రాజీ, ఖైదీ - అన్నీ అరబ్బీలోనో ఫార్సీలోనో పుట్టి, ఉర్దూ దారిన వచ్చి తెలుగులో స్థిరపడ్డవే. పరాయివని వాటిని ఎవరూ తరిమెయ్యలేదు. కానీ ఒక్క మాట మాత్రం దారిలో తలకిందులైంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, న్యాయం అడగడానికి వచ్చినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడి బోనులో నిలబడ్డవాడు. అడగడానికి వచ్చినవాడే జవాబు చెప్పుకోవలసినవాడయ్యాడు. మా బతుకులు తెలిసినవాళ్ళకి ఇందులో పెద్ద ఆశ్చర్యమేమీ ఉండదు.

నేను ఉస్మానియాలో బి.ఏ. చదివి పత్రికల్లోకి వచ్చాను. ఇరవై ఏళ్ళుగా ఒక తెలుగు పత్రికలో ఉద్యోగం. తీరిక దొరికితే ఒక ఉర్దూ వారపత్రికకి రాస్తాను. అమెరికా నుంచి వచ్చే వార్తల్ని రెండు భాషల్లోకీ దింపడం నా పనుల్లో ఒకటి. అక్కడ ఎవరైనా చనిపోయారని వార్త వస్తే తెలుగు డెస్కు వాళ్ళు అడుగుతారు: "మనోడేనా?" ఉర్దూ వాళ్ళు అడుగుతారు: "ముసల్మానా?" ఇద్దరికీ జవాబు రాసిస్తాను. పట్టుకున్నది ఏ పోలీసు, విచారించేది ఏ కోర్టు అని మాత్రం ఎవరూ అడగరు. "అమెరికా పోలీసులు" అని హెడ్డింగు పెట్టేసి ఇంటికి పోతాం. నిజానికి ఆ పేరుగల పోలీసు ఆ దేశంలో లేడు.

మన దగ్గర డి.జి.పి. దగ్గర్నుంచి ఊళ్ళో కానిస్టేబులు దాకా రాష్ట్రమంతా ఒకటే నిచ్చెన. అమెరికాలో దాదాపు 18 వేల పోలీసు సంస్థలున్నాయి. ఊరికి ఊరి పోలీసు. వాళ్ళ చీఫ్‌ని మామూలుగా మేయరో సిటీ మేనేజరో నియమిస్తారు. ఊళ్ళన్నీ కలిస్తే కౌంటీ, మన జిల్లా లాంటిది. అలాంటివి 3 వేలకు పైగా ఉన్నాయి. కౌంటీకి షెరీఫ్ ఉంటాడు. చాలా రాష్ట్రాల్లో అతను గోడల మీద బొమ్మలు అంటించుకుని ఓట్లడిగి గెలిచినవాడు. కౌంటీ జైలు చాలాచోట్ల అతని చేతిలోనే ఉంటుంది. హైవే మీద రాష్ట్రం పోలీసు వేరు. పెద్ద యూనివర్సిటీలకు సొంత పోలీసు. 1908లో పుట్టిన ఎఫ్.బి.ఐ. వీళ్ళందరి నెత్తి మీద కూచున్నదనుకుంటాం. అది వీళ్ళ పక్కన ఉంటుంది. ఫెడరల్ చట్టం కింద నేరమైతేనే దానికి పని. న్యూయార్క్ పోలీసు కమిషనరు ఎఫ్.బి.ఐ. డైరెక్టరుకి కింది ఉద్యోగి కాడు. ఆ కమిషనరు చేతికింద 30 వేలకు పైగా పోలీసులు. ఇంకోపక్క ఊరి పోలీసు శాఖల్లో సగానికి దగ్గరగా పదిమంది కూడా లేనివే.

రాజుగారి సైన్యాన్ని తరిమేసి దేశం కట్టుకున్నవాళ్ళు ఢిల్లీ లాంటి ఒక చోటు నుంచి నడిచే పోలీసుని నమ్మలేదు. కేంద్రానికి ఇవ్వని అధికారాలన్నీ రాష్ట్రాలవీ ప్రజలవీ అని 1791లో పదో సవరణ రాసుకున్నారు. వినడానికి బాగుంది. అయితే ఊరి పెత్తనం ఊరిదే అన్నప్పుడు ఊరంటే ఎవరు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. దక్షిణాది రాష్ట్రాల్లో ఊరంటే తెల్లవాళ్ళు. పారిపోయే బానిసల్ని పట్టుకోవడానికి తిరిగిన గస్తీ దళాలు కూడా ఊరి ఏర్పాటే. మన దగ్గర మాత్రం? గ్రామం అన్నప్పుడు అందులో వాడ ఉందో లేదో దళిత సోదరుల్ని అడగండి, చెబుతారు.

మా ఆపా కొడుకు ఇల్లినాయిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2019లో ఒక రాత్రి ఒక చిన్న ఊళ్ళో వాడి కారు ఆపారు. వెనక లైటు వెలగడం లేదట. కాగితాలు తీసిద్దామని డాష్‌బోర్డు అర వైపు చెయ్యి చాపాడు. అంతే. కిందికి దింపి, బేడీలు వేసి, అధికారి విధులకు అడ్డుపడ్డాడని రాసుకున్నారు. తెల్లవారుజామున ఆపా ఫోను. ఏడుపు ఆపుకుని ఒకటే ప్రశ్న: "కౌన్సే పోలీసాఁ పకడే రే?" ఏ పోలీసులు పట్టుకున్నారో తెలిస్తే ఎవరితో చెప్పించాలో తెలుస్తుందని ఆమె ఆశ. పాతబస్తీ తల్లికి తెలిసిన న్యాయశాస్త్రం అది.

నేను కాగితం మీద గీసి చూపించాను. ఆపింది ఊరి పోలీసు. ఉంచింది షెరీఫ్ జైల్లో. కేసు నడపాలా వద్దా అనేది స్టేట్స్ అటార్నీ ఇష్టం. ఆయన కౌంటీ ఓటర్లు ఎన్నుకున్న ప్రాసిక్యూటరు. విచారించేది సర్క్యూట్ కోర్టు. అక్కడి సర్క్యూట్ జడ్జీలూ ఓట్లతో వచ్చేవాళ్ళే. ఈ నాలుగు చోట్లా ఎవరూ ఎవరి కిందా పనిచెయ్యరు. ఆపా కాగితం వంక చాలాసేపు చూసింది. "ఇంతమంది మాలిక్‌లున్న ఇంట్లో నౌకరు ఎవరికి దండం పెట్టాలి?" అంది. మంచి ప్రశ్న. వాడు జామీను మొత్తంలో పది శాతం కట్టి మర్నాడు బయటికొచ్చాడు. డబ్బు కట్టించుకుని వదిలే ఆ పద్ధతిని 2023 సెప్టెంబరులో ఇల్లినాయిస్ పూర్తిగా ఎత్తేసింది. అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. ఆ రోజు జేబులో డబ్బులేనివాళ్ళు వాడితోపాటు జైల్లో ఎంతమంది ఉండిపోయారో వాడు ఇప్పటికీ చెబుతుంటాడు.

సినిమాల్లో మనం విన్న మాటలు నిజమే. మాట్లాడకుండా ఉండే హక్కు నీకుంది, వకీలుని పెట్టుకునే హక్కు నీకుంది అని నిర్బంధంలో ప్రశ్నించే ముందు చెప్పి తీరాలని 1966లో మిరాండా కేసులో సుప్రీంకోర్టు శాసించింది. పెద్ద నేరం మోపినప్పుడు వకీలుని పెట్టుకోలేని పేదవాడికి ప్రభుత్వమే పెట్టాలన్నది 1963 నాటి గిడియన్ తీర్పు. ఫ్లోరిడా జైల్లోంచి ఒక పేద ఖైదీ పెన్సిలుతో రాసుకున్న అర్జీ మీద వచ్చిందది. ఇలాంటివి చూసినప్పుడు ఎవరికైనా గౌరవం కలుగుతుంది. నాకూ ఉంది.

కానీ రోజూ జరిగేది వేరు. శిక్షలు పడ్డ కేసుల్లో ఫెడరల్ కోర్టుల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం నేరం ఒప్పుకోలుతో ముగిసినవేనని 2012లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో రాసుకుంది. పన్నెండుమంది జ్యూరీ, సాక్షులు, వాదనలు - అదంతా ఆ మిగిలిన చిటికెడు మందికి. ప్రాసిక్యూటరు పెద్ద నేరం రాస్తాడు, చిన్నది ఒప్పుకుంటే పెద్దది కొట్టేస్తానంటాడు. దీనికి తెలుగులో ఏం రాయాలని డెస్కులో ఒకసారి చర్చ వచ్చింది. "రాజీ" అని రాయమన్నారు. ఉర్దూలో రాజీ అంటే మనసారా ఒప్పుకున్నవాడు. ఒక చేతిలో పదేళ్ళు, ఇంకో చేతిలో ఆరు నెలలు పట్టుకుని ఏది కావాలో కోరుకోమనేదాన్ని ఆ మాటతో పిలవడానికి నాకు చెయ్యి రాలేదు.

మా వాడికీ అదే చెప్పారు. ఒప్పుకో, జుర్మానా కట్టు, పో. కానీ ఒప్పుకుంటే వీసా సంగతేమిటి? నేరం ఒప్పుకుంటే దేశంలోంచి పంపేసే ప్రమాదముందేమో విదేశీయుడికి వకీలు చెప్పి తీరాలని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు అన్నది. వకీలు చెప్పాడు. వాడు ఒప్పుకోలేదు. ఏడు నెలలు తిప్పి, చివరికి ప్రాసిక్యూటరు కేసు వదిలేశాడు. ఆపా షుక్రానా నమాజు చేసి మిఠాయి పంచింది. అయితే వీసా ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఎప్పుడైనా అరెస్టయ్యారా? శిక్ష పడకపోయినా సరే, అరెస్టయితే చెప్పాలి. ప్రతిసారీ వాడు "అవును" అని రాసి, కాగితాలు జతచేసి, గుండె చిక్కబట్టుకుని కూచుంటాడు. కేసు పోయింది. ముద్దాయి అన్న మాట పోలేదు.

ఇక కోర్టులు. అక్కడ పక్కపక్కన రెండు నిచ్చెనలు. ప్రతి రాష్ట్రానికీ సొంత నేరచట్టం, సొంత కోర్టులు, సొంత అత్యున్నత న్యాయస్థానం. దేశంలో నూటికి తొంభైకి పైగా కేసులు అక్కడే తేలతాయి. రెండోది ఫెడరల్ నిచ్చెన: 94 జిల్లా కోర్టులు, 13 అప్పీలు కోర్టులు, పైన తొమ్మిదిమందితో సుప్రీంకోర్టు. ఈ ఫెడరల్ జడ్జీలని అధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. ఆ తర్వాత రిటైర్మెంటు వయసంటూ లేదు. ఒకే పని రెండు చట్టాల కిందా నేరమైతే రెండు చోట్లా శిక్షించవచ్చు. 2019లో సుప్రీంకోర్టు ఈ మాట మళ్ళీ ఖాయం చేసింది.

ఈ రెండు నిచ్చెనల్నీ తెలుగువాళ్ళు 2017లో కళ్ళారా చూశారు. ఆ ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేథా ఊళ్ళో పని ముగించుకుని ఇద్దరు తెలుగు ఇంజనీర్లు బారులో కూచుంటే ఒక తెల్లవాడు వచ్చి మీరెక్కడివాళ్ళని నిలదీశాడు. బయటికి గెంటితే తుపాకీతో తిరిగొచ్చాడు. ఒకరు చనిపోయారు, ఒకరు గాయపడ్డారు. అడ్డుకోబోయిన అమెరికన్ యువకుడూ గాయపడ్డాడు. ఆ పేర్లు మన పత్రికల్లో నెలల తరబడి వచ్చాయి, ఆ ఇంటివాళ్ళ దుఃఖాన్ని నేను మళ్ళీ తవ్వను. హంతకుడు పక్క రాష్ట్రం మిస్సోరిలోని ఒక బారుకి పోయి, ఇద్దరు ఇరానీలని కాల్చానని చెప్పుకున్నాడు. అక్కడి పోలీసులు పట్టుకున్నారు. కాన్సాస్ కోర్టు 2018 మేలో హత్యకు జీవితఖైదు వేసింది. పుట్టిన దేశాన్నీ రంగునీ చూసి కాల్చాడన్నది వేరే నేరం. 2009 నాటి ద్వేషనేరాల చట్టం కింద ఫెడరల్ ప్రాసిక్యూటర్లు ఇంకో కేసు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో మళ్ళీ జీవితఖైదు. ఒక కోర్టు ఏం చేశాడో రాసింది, ఇంకో కోర్టు ఎందుకు చేశాడో రాసింది.

ఆ వారం నేను రెండు భాషల్లోనూ రాశాను. తెలుగులో, మనవాణ్ణి ఇరానీ అనుకుని చంపేశారని బాధ. "అనుకుని" అన్న ఆ మాట దగ్గర నా కలం ఆగింది. నిజంగా ఇరానీ అయివుంటే? నిజంగా ముసల్మానై వుంటే లెక్క సరిపోయేదా? పొరపాటు మనిషిని గుర్తుపట్టడంలో జరగలేదు బాబూ, ద్వేషం మొదలైనచోటే జరిగింది.

2023 జనవరి 23న సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న కర్నూలు జిల్లా విద్యార్థినిని పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్ళు దాటకూడని వీధిలో ఆ కారు 74 మైళ్ళ వేగం దాకా పోయింది. ఇంకో పోలీసు ఫోనులో నవ్వుతూ ఆ పిల్ల ప్రాణానికి పెద్ద విలువలేదని, చెక్కు రాసిస్తే పోతుందని అన్నాడు. అప్పట్లో అతను పోలీసు సంఘానికి ఉపాధ్యక్షుడు. ఒంటికి తగిలించుకున్న కెమెరాలో అది రికార్డయింది. ఇక ఒక్కో గుమ్మం చూడండి. కౌంటీ ప్రాసిక్యూటరు 2024 ఫిబ్రవరిలో, నేరం రుజువు చెయ్యడానికి సాక్ష్యం చాలదని కేసు పెట్టలేదు. సిటీ అటార్నీ కారు నడిపినవాడికి 5 వేల డాలర్ల ట్రాఫిక్ జరిమానా రాసింది. నవ్విన పోలీసుని శాఖ 2024 జూలైలో తీసేసింది. నడిపినవాణ్ణి 2025 జనవరిలో తీసేసింది. మాటకి ముందు శిక్ష, బండికి తర్వాత. ఇన్ని గుమ్మాల్లో ఒక్కదాంట్లో కూడా ఆ మరణాన్ని నేరం అనలేదు.

అయినా కెమెరా ఉంది, అది బయటికొచ్చింది, ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. మన దగ్గర అంత జరుగుతుందా అని మిత్రులడుగుతారు. జరగదు. అందుకే అక్కడి ఏర్పాటుని తిట్టి ఊరుకోవడం నాకు చాలదు. దాన్ని ఎవరు, ఎలా వాడుకోగలుగుతున్నారో చూడాలి.

జ్యూరీని చూడండి. తీర్పు చెప్పేది ఊరి మనుషులే. కానీ పౌరుడైతేనే జ్యూరీలో చోటు. పన్నులు కట్టే మన హెచ్-1బి పిల్లలకి అక్కడ చోటులేదు, షెరీఫ్ ఎన్నికలో ఓటూ లేదు. పౌరులైన నల్లవాళ్ళకే ఎంతకాలం లేదు! లూసియానా 1898లో ఒక ఎత్తువేసింది. జ్యూరీ అంతా ఏకగ్రీవంగా చెప్పనక్కర్లేదు, ఒకరిద్దరు కాదన్నా శిక్ష వెయ్యొచ్చంది. జ్యూరీలోకి ఒకరిద్దరు నల్లవాళ్ళు వచ్చినా వాళ్ళ మాట చెల్లకుండా చెయ్యడం దాని ఉద్దేశం. పెద్ద నేరాల్లో ఏకగ్రీవం ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2020 వచ్చింది. రంగు చూసి జ్యూరీలోంచి తీసెయ్యకూడదన్న తీర్పు 1986 దాకా ఆగాల్సి వచ్చింది.

మావాళ్ళ కథ న్యూయార్క్‌లో ఉంది. 2001 తర్వాత ఆ నగర పోలీసు శాఖ ఒక ప్రత్యేక విభాగం పెట్టి మసీదులు, చాయ్ దుకాణాలు, విద్యార్థి సంఘాల మీద నిఘా పెట్టింది. నేరం అనుమానం అక్కర్లేదు, ముసల్మానైతే చాలు. నది దాటి న్యూజెర్సీలోకి, అంటే వేరే రాష్ట్రంలోకి కూడా పోయింది. 2011లో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరులు బయటపెట్టారు. నిఘా విభాగం పెద్ద అధికారి 2012లో ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలో, తన హయాంలో ఆ నివేదికల నుంచి ఒక్క ఆచూకీ కూడా దొరకలేదని ఒప్పుకున్నాడు. ఫలానా దుకాణంలో ఉర్దూ మాట్లాడుతున్నారని తెలిసి ఉండటం పనికొస్తుందని కూడా అన్నాడు. అది చదివిన రోజు నేను నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. మా అమ్మీ జోలపాడిన భాష, నేను ప్రేమలేఖ రాసిన భాష, అక్కడి పోలీసు డైరీలో ఆనవాలుగా ఎక్కింది. సాలార్‌జంగ్ మ్యూజియం పక్కన చాయ్ తాగుతూ మేం మాట్లాడే భాష కూడా అదే.

న్యూజెర్సీ ముస్లింలు ముద్దయీలయ్యారు. 2014లో ఫెడరల్ జిల్లా జడ్జి వాళ్ళ దావా కొట్టేశాడు. నష్టం జరిగితే అది నిఘా వల్ల కాదట, దాన్ని బయటపెట్టిన విలేఖరుల వల్లనట! అప్పీలు కోర్టు 2015లో ఆ మాట తోసేసి, దావా నడవాలంది. 2018లో పోలీసు శాఖ ఒప్పందానికి దిగొచ్చింది. ఆ విభాగాన్ని 2014లోనే మూసేశారు. జడ్జీలు మంచివాళ్ళయినందుకు ఇది జరగలేదు. మనుషులు భయపడి ఊరుకోకుండా తమ పేర్లు కాగితం మీద పెట్టినందుకు జరిగింది.

చివరగా మినియాపొలిస్. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టి పోలీసు చంపాడు. మనిషికి ఆరోగ్యం పాడై చనిపోయాడన్నట్టు పోలీసు శాఖ మొదటి ప్రకటన. పదిహేడేళ్ళ నల్లమ్మాయి ఫోనులో తీసిన వీడియో ఆ ప్రకటనని చింపేసింది. కౌంటీ ప్రాసిక్యూటరు చేతిలోంచి కేసుని గవర్నరు రాష్ట్ర అటార్నీ జనరల్‌కి అప్పగించాడు. ఆ పదవికి 2018లో ఓట్లతో గెలిచినవాడు కీత్ ఎలిసన్. నల్లవాడు, ముసల్మాను. 2006లో అమెరికన్ కాంగ్రెసుకి ఎన్నికైన మొదటి ముస్లిం. ఆయన బృందం నడిపిన కేసులో, సగంమంది తెల్లవాళ్ళు, సగంమంది నల్లవాళ్ళూ మిశ్రమజాతివాళ్ళూ ఉన్న జ్యూరీ 2021 ఏప్రిల్ 20న ఆ పోలీసుని హంతకుడని తేల్చింది.

అంతటితో అయిపోలేదు. ఆ నగర పోలీసుని ఫెడరల్ కోర్టు పర్యవేక్షణలో పెట్టాలని కుదిరిన ఒప్పందం నుంచి, అధ్యక్షుడు మారాక, 2025 మేలో న్యాయశాఖ వెనక్కి తగ్గింది. 2023లో రాష్ట్ర మానవహక్కుల శాఖ కుదుర్చుకున్న ఇంకో ఒప్పందం మాత్రం దాంతో రద్దవలేదు. ఒక తలుపు మూసుకుంటే ఇంకోటి తెరిచి ఉంది. ముక్కలు ముక్కలుగా ఉన్న అధికారంలో లాభం ఇదే. ప్రమాదమూ ఇదే. ఏ ముక్క ఎవరి చేతిలో ఉందన్నదాని మీద మన ప్రాణం ఆధారపడి ఉంటుంది.

అక్కడి ఏర్పాటులో నాకు ఆశ కలిగించేది దయగల జడ్జి కాదు, నిష్పక్షపాతి అయిన పోలీసూ కాదు. అడిగి తీసుకున్న స్థానం. ఓటరు జాబితాలో, జ్యూరీ పెట్టెలో, ప్రాసిక్యూటరు కుర్చీలో మనిషిగా లెక్కకు రావడం. దర్యాప్తు గదిలో ఎదుటి కుర్చీకే అలవాటుపడ్డ సమాజానికి ఇది చిన్న సంగతి కాదు. ఆ మినియాపొలిస్ కోర్టులో రాష్ట్రం తరపున న్యాయం అడిగినవాడు ఒక ముసల్మాను. తెలుగులో ఆ మాటకి ఉన్న అర్థంలో కాదు. మా ఇంట్లో ఉన్న అర్థంలో, ముద్దయీ.